విసుగు రాని చదువు

ఆ రోజుల్లో లెక్కలు రెండు రకాలు. జనరల్ లెక్కలు, కాంపోజిట్ లెక్కలు. ఎనిమిది దాటి తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టే పిల్ల ఈ రెండింట్లో ఏదో ఒకటి తీసుకోవాలి. జనరల్ తీసుకుంటే పాసవడం తేలిక, కానీ తర్వాత ఇంటర్‌లో ఎంపీసీ గడప తొక్కనివ్వరు. కాంపోజిట్ అంటే బీజగణితం, రేఖాగణితం, తల బొప్పి కట్టడం. ఇదంతా పదమూడేళ్ల పిల్లకు ఎవరూ విడమరిచి చెప్పరు. ఆళ్లగడ్డలో నేను లెక్కల టీచరుగా చేరిన హైస్కూల్లో ఆడపిల్లల పేర్లన్నీ అడక్కుండానే జనరల్లో రాసేసేవాళ్లు. "ఆడపిల్లలు గదమ్మా" అనేవారు హెడ్మాస్టరు. ఆయన చెడ్డవారు కాదు. ఆడపిల్లలకు ఒక కష్టం తప్పిస్తున్నానని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి. అలాంటివాళ్లతో పోట్లాడటం చెడ్డవాళ్లతో పోట్లాడటం కంటే కష్టం.

నాకు ఈ విషయంలో మొదటి నుంచీ కోపమే. మా నాయన నంద్యాలలో మిషన్ బళ్లో పంతులు. నన్ను మగపిల్లల మధ్య ఒక్కదాన్నే కాంపోజిట్ క్లాసులో కూర్చోబెట్టాడు. చర్చిలో పెద్దలు కూడా ముక్కున వేలేసుకున్నారు. "దానికి లెక్కలంటే ఇష్టం, మీకేం నొప్పి" అన్నాడు మా నాయన. ఆ ఒక్క మాట వల్ల నాకు ఉద్యోగం వచ్చింది. ఆ మాట చెప్పేవాళ్లు లేని పిల్లలకు నేనే చెప్పాలని డెబ్బైల నడుమ ఆ బళ్లో చేరినప్పుడు అనుకున్నాను. అప్పుడు నాకు వయసు తక్కువ, పొగరు ఎక్కువ.

శనివారం ఒంటిపూట బడి. బడి వదిలాక ఎనిమిదో తరగతి ఆడపిల్లల్ని వరండాలో కూర్చోబెట్టేదాన్ని. ఏం చదవాలని ఉంది అని అడిగితే అందరూ ఒకేలా తల వంచుకునేవాళ్లు. అది అడగాల్సిన పద్ధతి కాదని నాకు తొందర్లోనే తెలిసొచ్చింది. అందుకని ఒక్కొక్కరికి ఒక విసుగు పుట్టించే పని ఇచ్చేదాన్ని. ఒకదానికి జెండా కర్ర నీడ గంటగంటకూ కొలవడం. ఒకదానికి కలిసిపోయిన శనగలు, జొన్నలు, కొర్రలు విడదీయడం. ఇంకొకదానికి వీధిలో ముసలమ్మల దగ్గరికి పోయి ఎవరికి ఎక్కడ నొప్పో అడిగి రావడం. పిల్ల ఏ పనికి విసుక్కోకుండా ఉంటుందో అదే దాని చదువు అని నా లెక్క. దానికి పిల్లలే విసుగు పరీక్ష అని పేరు పెట్టారు. తోటి టీచర్లు నన్ను చూసి నవ్వుకునేవాళ్లు. నొప్పులు అడిగి వచ్చిన పిల్ల తర్వాత నర్సు ట్రైనింగుకు పోయింది. మిగతా చాలామంది ఎటూ పోలేదు. అదీ చెప్పాలి.

ఒక ఏడాది ఆ గుంపులో ఒక పిల్ల ఉండేది. ఆళ్లగడ్డకు దగ్గర్లో రోడ్డు పక్క ఊరు, తరతరాలుగా భూములున్న ఇల్లు. పొట్టిగా, నల్లగా, రెండు జడలు బిగించి కట్టుకుని వచ్చేది. మాట చాలా తక్కువ. దానికి నీడ కొలిచే పని ఇస్తే ఒక్క పూటలో విసుక్కుంది. గింజలు ఇస్తే పక్కపిల్లకు తోసేసింది. నాకు ఒళ్లు మండి, "అయితే నీకు ఇష్టమైంది నువ్వే తెచ్చుకోపో" అన్నాను.

మరుసటి శనివారం ఒక పాత తువ్వాలలో మూటకట్టి రాళ్లు తెచ్చింది. వరండాలో నేలమీద వరసగా పేర్చింది. మొదట నల్లరేగడి గడ్డ. తర్వాత తెల్లటి సుద్ద. తర్వాత పసుపుపచ్చ పలుకులు, గోరుతో గీకితే పెచ్చులు ఊడేవి. చివర నీలంగా, నున్నగా నాపరాయి ముక్క.

"ఏందే ఇది?" అన్నాను.

"మా బావి, టీచర్."

వాళ్ల చేలో కొత్త బావి తవ్వుతున్నారట. ప్రతి సాయంత్రం గట్టుమీద పోసిన కుప్పలోంచి ఆ రోజు పడిన రాయి ఒకటి ఏరి దాచుకుందట. ఏది ఎన్ని నిలువుల, అంటే ఎన్ని మనిషి ఎత్తుల లోతులో పడిందో ఆమెకు నోటికి వచ్చు. బావిని నేలమీద పడుకోబెట్టినట్టుంది. మిగతా పిల్లలు ఇంటికి పోయినా అది ఆ రాళ్ల దగ్గరే గొంతుకూర్చుని ఉంది. ఎండ వరండాలోకి వచ్చి వీపుమీద పడినా లేవలేదు. ఉన్నట్టుండి తలెత్తి అడిగింది.

"టీచర్, మా పెదనాయనోళ్ల బావి ఊరికి ఆ పక్క ఉండాది. ఆడ కూడా ఈ నీలం రాయి ఇంతే లోతులో పడింటాదా?"

"పోయి చూసి రా."

"ఆ పక్కకు మేము పోకూడదు."

ఎందుకు పోకూడదో ఆ ప్రాంతంలో ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. అన్నదమ్ముల పిల్లల మధ్య గట్టు తగాదా, అది పెరిగి రెండు పార్టీలు. ఇరుపక్కలా ఇళ్లలో మనుషులు పోయారు. నేను ఇంకో మాట అన్నాను. "నాకు లెక్కలు తెలుసు గానీ రాళ్ల సంగతి తెలీదు. దానికి వేరే చదువుంది, భూగర్భ శాస్త్రం అంటారు. తిరుపతిలో చెప్తారు. కాంపోజిట్ తీసుకో, ఎంపీసీ చదువు, ఆడికి పో. చదువుకొనొచ్చి ఆ రాయి ఎంత లోతులో ఉంటాదో నాకు నువ్వే చెప్పు."

భూమి లోపలికి ఒక చదువుందని ఆమె వినడం అదే మొదటిసారి. రాళ్లు మళ్లీ మూటకట్టుకుంది, ఈసారి ఒక్కో రాయికీ తువ్వాలలో వేరే ముడి వేసింది.

కాంపోజిట్ కాగితం మీద తండ్రి సంతకం కావాలి. కాగితం పంపిన నాలుగైదు రోజులకు తండ్రే బడికి వచ్చాడు. వెంట వచ్చిన ఇద్దరు మనుషులు గేటు దగ్గర ఆగిపోయారు. హెడ్మాస్టరు కుర్చీ చూపిస్తే ఆయన దాన్ని గోడవారకు లాక్కుని, వాకిలి కనిపించేలా కూర్చున్నాడు. చదువు మాన్పిస్తానని చెప్పడానికే వచ్చాడనుకుని నేను నోటికి పదును పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

"టీచరమ్మా, పాప బాగా చదువుతాందంట గదా," అన్నాడు. "ఎంత వరకైనా చదివిస్తా. లాయరు కావల్ల."

నా పదునంతా వృథా అయింది. ఆడపిల్లను అంత వరకు చదివిస్తానన్న తండ్రిని ఆ బళ్లో నేను అంతకుముందు చూడలేదు.

"మగపిల్లోళ్లు ఉండారు గదా, లాయరు చదువు వాళ్లకు చెప్పించొచ్చు గదా?" అన్నాను.

"మగోళ్లు నంద్యాల బస్సెక్కితే మల్లా ఇంటికొస్తారని నమ్మకం ల్యాదమ్మా. ఆడోళ్లను ముట్టుకోరు. వాళ్లూ ముట్టుకోరు, మేమూ ముట్టుకోము. అది కట్టుబాటు. మా ఇంట్లో కోర్టుకు పోయొచ్చే లాయరు కావల్లంటే అది ఈ పాపే కావల్ల." తర్వాత కాగితం నా ముందుకు తోశాడు. "లాయరుకు ఈ లెక్కలు యాలంట? జనరల్ చాలునంట గదా."

లాయరు కావాలంటే మొదట ఏదో ఒక డిగ్రీ ఉండాలని, అది ఏ డిగ్రీ అయినా ఫర్వాలేదని, లెక్కలు బాగా వచ్చినవాళ్లు వాదనలో ఎవరికీ లొంగరని చెప్పాను. చివరిది నేను అప్పటికప్పుడు కల్పించుకున్న మాట. డిగ్రీలో రాళ్ల చదువు చదవనీ, ఆ తర్వాత లా చదవనీ అన్నాను. లోపల మాత్రం, ఆ డిగ్రీ అయ్యేసరికి ఈ పిల్ల తనంతట తాను ఎదురు చెప్పేంత ఎదుగుతుందిలే అనుకున్నాను. ఆయన చాలాసేపు వాకిలి వైపే చూసి సంతకం పెట్టాడు.

"నీ మాట మీద ఇడుస్తాండా," అన్నాడు.

ఆ ఏడాది కాంపోజిట్లో కూర్చున్న ఆడపిల్ల అదొక్కతే. పదో తరగతి మంచి మార్కులతో గట్టెక్కింది. నంద్యాలలో ఎంపీసీలో చేరింది. హాస్టల్లో ఉంచడానికి ఇంట్లో ఒప్పుకోలేదు, రోజూ బస్సే. నేను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పొద్దున పోయే మనిషిని, ఆమె అటు నుంచి ఇటు వచ్చే మనిషి. సగం దారిలో మా రెండు ఎర్రబస్సులు ఎదురయ్యేవి. కిటికీలోంచి చెయ్యి ఊపేది. ఒక్కోసారి చేతిలో రాయి పట్టుకుని చూపించేది. అంత దూరం నుంచి నాకు ఏ రాయి అయినా ఒకటేలా కనిపించేది, అయినా బాగుందని తల ఊపేదాన్ని. నా ఉద్యోగం మొత్తంలో నేను నిజంగా సంతోషంగా పోయి వచ్చిన రోజులు అవే.

కొన్నాళ్లకు ఆమె పక్కన ఒక మగమనిషి కూర్చుని కనిపించసాగాడు. మీసకట్టు, తెల్ల చొక్కా. రోజూ కాదు, అప్పుడప్పుడూ. ఆ రోజుల్లో ఆమె చెయ్యి ఊపేది కాదు. ఒక ఆదివారం నంద్యాలలో మా ఇంటికి వచ్చినప్పుడు అడిగాను.

"మా అన్న," అంది. "కోర్టులో మా తగాదా కేసు వాయిదా ఉంటే నాతోపాటు వస్తాడు. నా పక్కన కూర్చుంటే ఏం కాదంట. ఆడపిల్ల పక్కనుంటే ఎవురూ రారంట."

"మరి నీ కాలేజీ?"

"వాయిదా రోజు కాలేజీకి పోను. కోర్టు కాడ ఉండి, మల్లా అన్నను ఇంటికి తీసకపోవల్ల. ప్రాక్టికల్సు రెండు పోయినాయి."

చదువుకోమని పంపిన పిల్లను అన్నకు గొడుగులా పట్టుకుని తిరుగుతున్నారు. మరుసటి వారం బడి అయ్యాక వాళ్ల ఊరికి పోయాను. అరుగుమీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చారు, గ్లాసు వేరే. అలాంటివి నేను అప్పటికే పట్టించుకోవడం మానేశాను. తండ్రితో గట్టిగానే మాట్లాడాను. వాయిదాలకు వేరే దారి చూసుకోండి, పిల్ల చదువు పాడవుతోంది, పైగా అది ఆ పిల్లకూ ప్రమాదమే అని.

"పాపకు ఏం ప్రమాదం?" అన్నాడాయన, నిజంగానే అర్థం కానట్టు. "ముట్టుకోరని చెప్తి గదా. ఇన్నేండ్లలో ఎవురూ ముట్టుకోల్యా. నువ్వు చదువు సంగతి చెప్పమ్మా, ఇంటాం. మా సంగతి మాకిడుస్తే మంచిది."

అన్న కూడా అక్కడే ఉన్నాడు. నెమ్మదైన పిల్లవాడు, నన్ను బస్సు దాకా సాగనంపాడు. "చెల్లెలు రాళ్ల చదువు చదవల్లని నాకూ ఉండాది టీచర్. ఈ ఏడు గడిస్తే వాయిదాలు అయిపోతాయి," అన్నాడు. వాడిమీద కోపం తెచ్చుకుందామని పోయినదాన్ని, తెచ్చుకోలేకపోయాను.

ఆమె ఇంటర్ రెండో ఏడు నడుస్తోంది. శనగలు పూతకొచ్చిన రోజులు. పొద్దున మా బస్సు సగం దారికి వచ్చేసరికి వేగం తగ్గింది. ఎదురుబస్సు రోడ్డు పక్కన ఆగి ఉంది. కిటికీల్లో ఎవరూ లేరు. మనుషులంతా దూరంగా చేలల్లో గుంపులుగా నిలబడి ఉన్నారు. మా డ్రైవరు ఎవరినీ దిగొద్దన్నాడు. నేను దిగాను.

ఆమె రోడ్డు పక్క బండమీద కూర్చుని ఉంది. కాలేజీ సంచి ఒళ్లో ఉంది. కొంచెం అవతల ఎవరిదో కండువా కప్పిన మనిషి. చూడక్కర్లేదు, తెల్ల చొక్కా చెయ్యి బయట ఉంది. నేను పక్కన కూర్చుని భుజం పట్టుకున్నాను.

"నన్ను ముట్టుకోల్యా టీచర్," అంది. "అమ్మా, నువ్వు పక్కకు జరుగు అన్న్యారు. జరిగినాక అన్నను బస్సు దించుకపోయినారు."

తర్వాత సంచి వైపు చూసుకుని, "ఈ పొద్దు ప్రాక్టికల్స్ ఉండాయి," అంది.

అంటే కట్టుబాటు ఎవరూ తప్పలేదు. ఆడపిల్లను ముట్టుకోరంటే ఆమె పక్కన కూర్చున్నవాణ్ని కూడా ముట్టుకోరని వీళ్లు అనుకున్నారు. వాళ్లు అలా అనుకోలేదు. అంతే తేడా. ఆ తేడాకు ఒక మనిషి పోయాడు.

పదమూడో రోజు పోయి ఆ ఇంటి అరుగుమీద కూర్చున్నాను. తండ్రి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. "నువ్వు కాలేజీకి పంపమనకపోతే వాడు ఆ బస్సెక్కేవాడు కాదు," అన్నాడు. కొడుకు పోయిన మనిషితో వాదించకూడదు. అయినా అన్నాను. "నేను పంపమనింది పాపను. అన్నను పక్కన కూర్చోబెట్టింది మీరు." ఇంట్లో ఆడవాళ్ల ఏడుపు ఆగిపోయింది. ఆ నింద నేను అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. అలా అనుకోవడం మొదలుపెడితే ఆ తర్వాత ఒక్క పిల్లనైనా కాంపోజిట్లో కూర్చోబెట్టగలిగేదాన్ని కాదు.

ఆమె కాలేజీ ఆ రోజుతో ఆగిపోయింది. బస్సునిండా మనుషులున్నా, చూశామని చెప్పడానికి ఒక్కరు ముందుకు రాలేదు. చూశానని చెప్పింది ఆమె ఒక్కతే. ఆడవాళ్లను ముట్టుకోరన్న కట్టుబాటు సాక్షికి వర్తించదట. ఈ మాట నాకు వాళ్ల ఊళ్లోనే ఎవరో మామూలుగా, వానల గురించి చెప్పినట్టు చెప్పారు. ఇంట్లోంచి బయటికి రానివ్వలేదు. పరీక్షలకైనా పంపమని, నేను వెంట ఉండి తీసుకుపోయి తీసుకొస్తానని కబురు మీద కబురు చేశాను. జవాబు రాలేదు. ప్రైవేటుగా కట్టించే కాగితాలు నేనే తెచ్చి మనిషిచేత పంపాను. అవి మడత విప్పకుండా వెనక్కి వచ్చాయి. నాతో బస్సులో వచ్చే తోటి టీచర్లు ఆ బండ దగ్గరికి రాగానే మాటలు ఆపేసేవాళ్లు. నేను కిటికీ వైపు చూడటం మానేశాను.

ఎనభైల నడుమ నేను నంద్యాలకే బదిలీ చేయించుకున్నాను. అప్పటికి కాంపోజిట్, జనరల్ తేడా పోయి అందరికీ ఒకటే లెక్కలు వచ్చాయి. నేను ఏళ్ల తరబడి ఏ గోడమీద తల బాదుకున్నానో ఆ గోడను ఎవరో నింపాదిగా తీసేశారు. మా నాయన పోయాక ఇంటి కాగితాల పనిమీద ఒకరోజు కోర్టు దగ్గరికి పోవాల్సి వచ్చింది. వరండాలో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక స్తంభం మొదట్లో కూర్చున్న మనిషి నన్ను చూసి లేచి నిలబడింది. ముఖం ఉబ్బి, తల ముందు భాగంలో అప్పుడే నెరుపు. రెండు జడల పిల్లను ఆ ముఖంలో వెతుక్కోవాల్సి వచ్చింది.

"టీచర్, నేను," అంది.

అంతకుముందే అన్న హత్య కేసు ఒకసారి నడిచి ముగిసిందట. అన్నాళ్లూ పరారీలో ఉన్న ఒక ముద్దాయి ఈ మధ్య దొరికాడు, వాడికోసం మళ్లీ మొదటి నుంచి మొదలైంది. ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. అన్న ఏ సీట్లో కూర్చున్నాడు, ఎవరు ఎక్కారు, ఎవరు జరగమన్నారు. ఒకసారి జడ్జి సెలవు, ఒకసారి వాళ్ల లాయరు రాడు. వచ్చి కూర్చుని పోవడమే పనట.

"పెళ్లి?" అని అడిగాను, ఏం అడగాలో తెలియక.

"సాక్షిని ఎవురు చేసుకుంటారు టీచర్," అని నవ్వింది. "మీరు విసుగు పరీక్ష పెడ్తాంటిరి గదా. దేనికి విసుక్కోకపోతే అదే నా చదువు అంటిరి. దీనికి మాత్రం శానా విసుగొచ్చింది."

ఆమె చుట్టూ చూసి, గొంతు తగ్గించి, వరండా అవతలి కొసన గోడకానుకుని కూర్చున్న ఒక ముసలమ్మను కళ్లతో చూపించింది. పట్టుబడిన ముద్దాయి తల్లి అట. పెదనాయన వాళ్ల ఇంటి మనిషి. ప్రతి వాయిదాకూ ఆమె ఆ కొసన, ఈమె ఈ కొసన.

"పోయిన వాయిదాకు నీళ్లకుండ కాడ ఇద్దరమే ఉన్న్యాం," అంది. "అడిగినా."

"ఏమని?"

"మీ బావిలో నీలం రాయి ఎంత లోతులో పడిందవ్వా అని."

"చెప్పిందా?"

"మొదట పలకల్యా. నీళ్లు తాగి, పోతా పోతా చెప్పింది. బావి తవ్వినప్పుడు కూలోళ్లకు కూడు మోసిందంట, గుర్తుందంట." ఆమె ముఖం ఒక్కసారిగా బడి వరండాలో గొంతుకూర్చున్న పిల్ల ముఖమైంది. "అదే రాయి టీచర్. సుద్ద కింద, పసుపు పలుకుల కింద, అదే వరస. మా బావిలో కన్నా రెండు నిలువులు కిందికి పడిందంట." చేతిని గాల్లో ఏటవాలుగా పట్టి చూపించింది. "అంటే రాయి ఆ పక్కకు వాలిందనా? లేకపోతే ఆడ నేలే ఎత్తా? ఎట్ల తెలుస్తాది టీచర్?"

నేను లెక్కల టీచర్ని. నాకు తెలీదు. చదువుకొనొచ్చి నువ్వే చెప్పు అని ఒకప్పుడు అన్నదాన్ని. ఆమె ఆ చెయ్యి అలాగే ఏటవాలుగా పట్టుకుని నా జవాబు కోసం చూస్తోంది.

లోపలి నుంచి బంట్రోతు ఆమె పేరు పిలిచాడు. చెయ్యి దించి, కొంగు సర్దుకుని, సాక్ష్యం చెప్పడానికి లోపలికి పోయింది.